శ్రీరాముని సన్నిధిలో కాదన్నవాడు

శ్రీమద్రామాయణము శరణాగతి శాస్త్రమని పూర్వాచార్యుల నిర్ణయము. అందును యుద్ధకాండలోని విభీషణ శరణాగతి ఘట్టము శ్రీవైష్ణవులకు ప్రాణప్రదమైనది. ఒక్కమారు శరణని వచ్చినవానికి సమస్త భూతముల వలనను అభయమొసగుట తన వ్రతమని స్వామి ఆనాడు సముద్రతీరమున పలికిన మాట శ్రీరామ చరమశ్లోకమని ప్రసిద్ధి పొంది, వరాహ, శ్రీకృష్ణ చరమశ్లోకములతోపాటు నిత్యము అనుసంధింపబడుచున్నది.

ఆ మాటను స్మరించు భక్తులు అది ఎవరితో చెప్పబడినదో సాధారణముగా తలచుకొనరు. అది విభీషణునితో చెప్పినది కాదు. అప్పటికి విభీషణుడింకను ఆకాశముననే నిలిచియున్నాడు. అది సుగ్రీవునితో చెప్పినది. వచ్చినవానిని చేర్చుకొనరాదని పట్టుపట్టి, ఒకమారు సమాధానము విని ఊరకుండక మరల మరల వాదించిన సుగ్రీవునికి బదులుగా వెలువడినది. కాదన్నవాడు ఒకడు లేకున్నచో ఆ అభయవాక్యము లోకమునకు దక్కెడిదో లేదో చెప్పజాలము.

పదిమందిని కూర్చుకొని పని నడపవలసినవారందరికిని, ఇంటి యజమాని కానిండు, మఠాధిపతి కానిండు, కార్యాలయమున అధికారి కానిండు, ఈ ఘట్టమున ఒక ధర్మప్రశ్న కలదు. తన నిశ్చయమేమో తనకు తెలిసియున్న నాయకుడు తోడివారి అభిప్రాయము నడుగుట సత్యమా, నటనయా? అడిగిన పిదప కాదన్నవానిని ఏమి చేయవలెను?

సముద్రతీరమునకు పోవుటకు ముందు లంకలోని సభను ఒక్కమారు చూడవలెను. హనుమంతుడు లంకను దహించి వెడలిన తరువాత రావణుడు రాక్షసప్రముఖులను రావించి కొలువుదీర్చెను. ఆనాడు అతడు చేసిన ప్రసంగము చదువువారికి ఆశ్చర్యము కలుగక మానదు. మంత్రులతోను, మిత్రులతోను, బంధువులతోను ఆలోచించి, దైవమును నమ్మి కార్యమున ప్రవర్తించువాడు ఉత్తముడట. తానొక్కడే యోచించి తానొక్కడే చేయువాడు మధ్యముడు. గుణదోషములు విచారింపక దిగువాడు అధముడు. ఆలోచనలును ఇట్లే మూడు విధములు. శాస్త్రదృష్టితో అందరును ఒక్కమాటకు వచ్చినది ఉత్తమము. పలువురు పలువిధముల పలికి తుదకు ఏకీభవించినది మధ్యమము. ఎవరి పట్టు వారు విడువక ముగిసినది అధమము. మంత్రాంగమును గురించి గ్రంథములు చెప్పునదంతయు రావణునికి కంఠస్థమే. వేదాధ్యయనము చేసినవాడు, రాజనీతి నెరిగినవాడు. తెలియకపోవుట అతని దోషము కాదు.

అంతట ప్రహస్తుడు, దుర్ముఖుడు, వజ్రదంష్ట్రుడు, నికుంభుడు మున్నగువారు ఒకరి వెనుక నొకరు లేచి ప్రగల్భములు పలికిరి. తామొక్కరే పోయి వానరసేన నంతయు రూపుమాపి వత్తుమనినవారును కలరు. ఒక్క వానరుడు వచ్చి పట్టణమును తగులబెట్టి పోయిన వేడి ఇంకను ఆరనేలేదు. అయినను ఆ సభలో ఎవ్వరికిని ఆ సంగతి అడ్డురాలేదు. ఏ మాట ప్రభువునకు చెవికింపో వారెరుగుదురు. తరువాతి సభలో కుంభకర్ణుడు మాత్రము, సీతను తెచ్చుటకు ముందు చేయవలసిన ఆలోచన తెచ్చిన పిదప చేయుట ఏమి నీతియని అన్నను మందలించెను. మందలించి, జరిగినదానిని తానే సరిదిద్దెదనని చేయి కలిపెను. మరల మరల హితము చెప్పినవాడు విభీషణుడొక్కడే. ఇంద్రజిత్తు అతనిని పిరికివాడనెను. ఇట్టి మాట మరియొకడు పలికియున్నచో ఈ క్షణమున ప్రాణములతో నుండడని రావణుడు గర్జించి, కులమునకు మచ్చయని తూలనాడెను. నలుగురు రాక్షసులతో విభీషణుడు లేచిపోయెను. లంకలో సభ కలదు, శాస్త్రము కలదు, అడుగుట కూడ కలదు. కాదన్నవానికి మాత్రము కూర్చుండ చోటు లేకపోయెను.

ఇక ఆవలి తీరము. గగనమున ఆయుధములతో ఐదుగురు రాక్షసులు కనబడగానే సుగ్రీవుడు, వీరు మనలను చంపవచ్చినవారే యని నిశ్చయించెను. వానరులు చెట్లను, బండలను ఎత్తిరి. విభీషణుడు తన వృత్తాంతము చెప్పుకొని, సర్వలోక శరణ్యుడైన రాఘవునికి తన రాకను తెలుపుడని వేడెను. సుగ్రీవుడు పరుగున పోయి సంగతి చెప్పి, వీడు రావణుని వేగులవాడు, వధింపదగినవాడని తన అభిప్రాయమును కూడ జోడించెను.

స్వామి వెంటనే ఔననలేదు, కాదనలేదు. దగ్గరనున్న వానరముఖ్యులవైపు తిరిగి, సుగ్రీవుడు చెప్పినది మీరును వింటిరి కదా, కష్టసమయమున మిత్రునికి హితము చెప్పుట మీ ధర్మమని అడిగెను. అందుకు వారిచ్చిన ప్రత్యుత్తరము మిక్కిలి గమనింపదగినది. నీకు తెలియనిది మూడులోకములలో లేదు, మైత్రిచేత మమ్ము గౌరవింపదలచి అడుగుచున్నావని వారనిరి. నటనయా, సత్యమా యను ప్రశ్నను వాల్మీకి వానరుల నోటనే ఈ రీతిని ఎత్తించినాడు. తెలిసినవాడు అడిగినచో అది మర్యాద మాత్రమే కదా యని వారి భావము.

అది మర్యాద మాత్రమే కాదనుటకు తరువాతి కథయే సాక్షి. అంగదుడు, వచ్చినవాడు శత్రువర్గమువాడు గనుక గుణదోషములు పరీక్షించి స్వీకరింపవలెననెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు, వచ్చిన దేశమును కాలమును తగినవి కావు గనుక శంకింపవలసినదే యనెను. మైందుడు మెల్లగా తీయగా ప్రశ్నించి లోపలి భావము గ్రహింపవచ్చుననెను. తుదకు హనుమంతుడు లేచెను. తాను వాదముకొరకు గాని, తోడివారిపై పోటీచేత గాని, తానధికుడనను గర్వముచేత గాని పలుకుటలేదనియు, కార్యగౌరవమునుబట్టి పలుకుచున్నాననియు ముందుగా మనవి చేసి, అందరి మాటలలోని లోపములను ఒక్కొక్కటిగా చూపెను. ఎదుట నిలిచి తన పేరు తానే చెప్పుకొనుచున్నవానిపై చారుని పంపి తెలియునదేమి? రావణుని దోషములను, రాముని పరాక్రమమును చూచి వచ్చినవానికి ఇదే తగిన దేశము, ఇదే తగిన కాలము. ఆకస్మికముగా ప్రశ్నలు వేసినచో బుద్ధిమంతుడు శంకించును, కలియదలచిన మిత్రుడు కూడ విరిగిపోవును. ఇట్లు చెప్పి, నిర్ణయము మాత్రము నీదేయని ముగించెను.

ఇచ్చట ఒక విశేషము. హనుమంతుడు సుగ్రీవుని మంత్రి. తన రాజు మొదటనే ఒక మాట చెప్పియుండగా, నిండుసభలో ఆ మాటకు విరుద్ధముగా పలికెను. సుగ్రీవుడు కనుబొమ ముడిచినట్లు వాల్మీకి వ్రాయలేదు. శ్రీరాముని మహిమను పొగడు సందర్భమున ఈ వానరరాజు సహనమును మరచుట న్యాయము కాదు.

అందరును పలికిన పిదపనే స్వామి నోరు విప్పెను. విభీషణుని గురించి తానును కొంత చెప్పదలచితిననియు, వారు దానిని వినవలెననియు పలికెను. ఆజ్ఞాపించుటకు అధికారము కలవాడు తన మాటను కూడ సభలో ఒక మాటగా ముందుంచెను. ఆయన మొదటనే తన మనసు బయటపెట్టియున్నచో అంగదుడు పరీక్షను గురించి, జాంబవంతుడు శంకను గురించి పలికియుందురా? ప్రభువు మనసు తెలిసిన పిదప పలుకు మాట సలహా కాదు, వంతపాట.

మిత్రభావముతో వచ్చినవానిని, దోషమున్నను, తాను విడువజాలనని స్వామి చెప్పగానే సుగ్రీవుడు లొంగిపోలేదు. ఇట్టి కష్టదశలో తోడబుట్టినవానిని విడిచి వచ్చినవాడు రేపు ఎవరిని విడువడు? అని అడిగెను. ఈ ప్రశ్న తేలికైనది కాదు. స్వామి చిరునవ్వుతో లక్ష్మణుని చూచి, శాస్త్రములు చదువక, పెద్దలను సేవింపక ఇట్టి మాట చెప్పుట ఎవరికిని శక్యము కాదని సుగ్రీవుని మెచ్చుకొనెను. కాదన్నవానిని ముందుగా మెచ్చుకొని, ఆ పిమ్మట సమాధానము చెప్పెను. రాజకులములలో జ్ఞాతులు ఒకరినొకరు శంకించుట సహజమనియు, ఆ భయముచేతనే ఇతడు వచ్చియుండుననియు, అందరు తమ్ములును భరతునివంటివారు కాజాలరనియు చెప్పెను. జ్ఞాతులవలన భయమను ఈ మాటనే లంకలో రావణుడును పలికియుండెను. అతడు ఆ మాటతో తమ్ముని వెడలగొట్టెను. అదే మాటతో శ్రీరాముడు వచ్చినవానికి త్రోవ చేసెను.

సుగ్రీవుడు మరల లేచెను. ఈమారు లక్ష్మణుడును అతని ప్రక్కననే నిలిచెను. వీడు రావణుడు పంపినవాడే, నమ్మియున్నప్పుడు దెబ్బతీయును, పట్టి బంధింపవలెనని మనవి. అప్పుడు స్వామి నీతిని విడిచి మరియొక మెట్టెక్కెను. వీడు మంచివాడైనను, చెడ్డవాడైనను తనకేమి హాని చేయగలడు, తలచినచో వ్రేలికొనతో రాక్షసులనందరిని అణపగలననెను. అంతటితో ఆగక, తన ఇంటికి శరణు వచ్చిన వేటగానికి తన మాంసమునే పెట్టిన పావురము కథను, కండుమహర్షి చెప్పిన ధర్మమును స్మరించి, ఆ మహాప్రతిజ్ఞను పలికెను. వచ్చినవాడు విభీషణుడే కానిమ్ము, రావణుడే కానిమ్ము, అభయమిచ్చితిననెను.

మొదటి సమాధానము మైత్రిని గురించి, రెండవది రాజనీతిని గురించి, మూడవది బలమును, ధర్మమును గురించి. ఒక్కొక్క అభ్యంతరమునకు ఒక్కొక్క అడుగు లోతుకు పోయి, అట్టడుగున నున్న వ్రతము బయటపడినది. స్వామి నిశ్చయము మారలేదు, నిజమే. కాని ఆ నిశ్చయమునకు ఆధారమేమో అందరికిని తెలిసినది. అడుగుట నటన కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? నిర్ణయము మారుట ఒక్కటే ఆలోచనకు ఫలమని తలచువారు ఈ భాగమును మరల చదువవలెను.

అంతకంటె ముఖ్యమైనది ఆజ్ఞలోని విశేషము. వచ్చినవానిని తోడితెమ్మని స్వామి ఎవరికి చెప్పెను? చేర్చుకొనుమన్న హనుమంతునికి కాదు, కూడదన్న సుగ్రీవునికే. సుగ్రీవుడు కరగి, తన అంతరాత్మయు విభీషణుడు పరిశుద్ధుడనియే చెప్పుచున్నదనియు, అతడు తమతో సమానుడై మిత్రుడగుగాక యనియు పలికెను. సమానుడను మాట రాముడు చెప్పినది కాదు, సుగ్రీవుడు చెప్పినది. రేపు యుద్ధభూమిలో విభీషణుని ప్రక్కన నిలువవలసినవారు వానరులు. వారి మనసులో చోటులేనివానికి ప్రభువు ఆజ్ఞ ఒక్కటే చోటు కల్పింపలేదు.

నేటి కార్యాలయములలో జరుగునది దీనితో పోల్చి చూడవచ్చును. అధికారి సమావేశము పిలుచును. క్రొత్త పద్ధతిని వివరించి, ఎవరికైనను ఆక్షేపణ కలదాయని అడుగును. వెనుక వరుసలోని గుమాస్తా ఒకడు లేచి, దీనివలన వృద్ధులు రెండుమారులు వరుసలో నిలువవలసి వచ్చునని మనవి చేయును. అధికారి వినును, నిర్ణయము మారదు. అది తప్పు కాదు, మారవలెనను నియమమేమియు లేదు. కాని మరునాటినుండి ఆ గుమాస్తా బల్లపైకి ముఖ్యమైన కాగితములు రావు. పలుకరింపు తగ్గును. కొన్నాళ్లకు దూరపు ఊరికి బదిలీ. తరువాతి సమావేశమున అధికారి మరల అడుగును, ఎవ్వరును పలుకరు. ఆ మౌనమును ఏకగ్రీవమని వ్రాయించుకొని ఆయన సంతోషించును. గృహములలోను ఇంతే. పెండ్లి సంబంధమును గూర్చి క్రొత్త కోడలిని అడిగి, ఆమె ఉన్నమాట చెప్పినందులకు ఏడాదిపాటు ఎత్తిపొడిచిన ఇండ్లెన్ని లేవు! ఆపైన, మా ఇంట అందరిదియు ఒకేమాట యని యజమాని చెప్పుకొనును.

ఇట్లన్నచో, నాయకుడు అందరి మాటలు వినుచు కూర్చుండిన కార్యమెప్పుడగును, ఎవరి ఇష్టము వారిదైనచో కట్టుబాటేది యని కొందరు అడుగవచ్చును. శ్రీరాముడు కట్టుబాటును సడలింపలేదు. సువేలపర్వతము మీదనుండి రావణుని చూచిన సుగ్రీవుడు కోపమాపుకొనలేక ఎవరితోను చెప్పక ఎగిరిపోయి, అతనితో పెనుగులాడి తిరిగివచ్చెను. స్వామి ముందుగా ఆతని గాఢముగా కౌగిలించుకొనెను. తరువాత, తనతో ఆలోచింపక ఇట్టి సాహసము చేయుట రాజులకు తగదనియు, నీకేమైన జరిగియున్నచో సీత లభించినను తనకు ప్రయోజనమేమనియు మందలించెను. సుగ్రీవుడు ఎదుటనే వాదించినప్పుడు మెప్పు లభించెను. చెప్పక చేసినప్పుడు మందలింపు లభించెను. చాలచోట్ల దీనికి విపర్యయముగా జరుగుట చూచుచునే యున్నాము. ఎదుట పలికినవానికి శిక్ష, చాటున చేసినవానికి క్షమ.

విభీషణుడు చేరిన పిదప, సముద్రము దాటుటెట్లని హనుమత్సుగ్రీవులు అతనినే అడిగిరి. రాఘవుడు సముద్రుని శరణు వేడుట మేలని అతడు చెప్పెను. ఆ సలహాను విన్నవించినవాడును సుగ్రీవుడే. స్వామికి అది నచ్చినది. అయినను నిన్న కాదన్న సుగ్రీవుని, లక్ష్మణుని చూచి, మీరిద్దరును ఆలోచించి మీకు రుచించినది చెప్పుడనెను. వారు సంతోషముతో సమ్మతించిరి.

స్వామి మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు దర్శనమీయలేదు. ధనుస్సెత్తిన పిదప ప్రత్యక్షమై, నీ సేనలోనే విశ్వకర్మ కుమారుడు నలుడు కలడు, సేతువు కట్టగలవాడని తెలిపెను. నలుడు లేచి, తాను సమర్థుడననియు, అడుగకుండ తన గుణములు తాను చెప్పుకొనుట తగదని ఊరకుంటిననియు విన్నవించెను. సేతువు కట్టగలవాడు సేనలోనే యుండగా ఆ సంగతి సముద్రుడు చెప్పవలసివచ్చెను. ఇది ఎవరి లోపమని నిర్ణయింప పూనుకొనుట అపచారమగునేమో కాని, పదిమందిని ఏలువారు ఒక్కక్షణము ఆగి తలచుకొనవలసిన సంగతి. అడుగనిదే చెప్పనివారు ప్రతి కొలువులోను కలరు. పిలుపు అందిన పిదప పని నడచిన తీరు వేరు. మొదటినాడు 14 యోజనములు, రెండవనాడు 20, మూడవనాడు 21, నాలుగవనాడు 22, ఐదవనాడు 23. ఐదు దినములలో నూరు యోజనముల సేతువు పూర్తియైనది. అలసట పెరుగవలసిన దినములలో పని పెరిగినది.

ఈ రామాయణమును భగవద్రామానుజులవారు తమ మేనమామయగు తిరుమలనంబి సన్నిధిలో, శేషాద్రి పాదమున, ఒక సంవత్సరము కాలక్షేపము చేసిరని గురుపరంపర చెప్పుచున్నది. ఉడయవరులు కొండనెక్కి వచ్చుచుండగా వృద్ధులైన నంబి స్వయముగా తీర్థప్రసాదములతో ఎదురువచ్చిరట. ఇందుకు చిన్నవారెవరును దొరకలేదా యని ఉడయవరులు నొచ్చుకొనగా, నాలుగు వీథులును వెదకితిని, నాకంటె చిన్నవాడు కానరాలేదని నంబి బదులిచ్చిరని పెద్దలు చెప్పుదురు. రామాయణము చెప్పిన గురువు అట్టివారు.

ఆ పాఠము శ్రీరంగమున అక్కరకు వచ్చిన సందర్భమొకటి కలదు. ఉడయవరులు శ్రీరంగనాథుని ఆలయమున కైంకర్యములను క్రమపరుప పూనినప్పుడు, ఆలయపు తాళపుచెవులు, పౌరోహిత్యము పెరియకోయిల్ నంబియను వారి చేతనుండెను. ఆయనకు ఈ మార్పులు రుచింపలేదు. తొలగించుట ఒక్కటే మార్గమని ఉడయవరులకే తోచెనట. అయితే ఇతడు చిరకాలము నన్ను సేవించినవాడని పెరుమాళ్లు స్వప్నమున సాయించిరనియు, ఉడయవరులు ఆ తలపును విడిచిరనియు ఐతిహ్యము. పనిచేయు చోట క్రొత్తగా వచ్చిన పెద్ద ఎవరైనను ముందు చూచునది ఎవరిని తొలగింపవలెనని. ఎన్నేండ్లు సేవించినాడని చూచుట స్వామి నేర్పవలసివచ్చెను.

ఉడయవరులు తమ శిష్యులలో అగ్రగణ్యులైన కూరత్తాళ్వానులను నంబి చెంతకు పంపిరి. నంబి తల్లి పరమపదించినప్పుడు పదునొకండవనాటి శ్రాద్ధభోజనమునకు, సాధారణముగా ఎవరును అంగీకరింపని ఆ స్థానమున, అంతటి పండితుడు కూర్చుండెను. భోజనానంతరము తృప్తియైనదాయని నంబి అడుగగా, ఆలయపు తాళపుచెవి లభించినచో తృప్తియగునని ఆళ్వానులు కోరిరి. ఇది ఉపాయమే కదాయని ఆక్షేపించువారుందురు, ఉండవచ్చును. ఆళ్వానుల సహవాసమున నంబి మనసు మారిన తీరును చూచినచో మాత్రము ఆక్షేపణ నిలువదు. తమకు లొంగినవానిగా ఆయనను శ్రీరంగమున ఎవరును చూడలేదు. ఆళ్వానులనాశ్రయించి, తిరువరంగత్తు అముదనారను పేర ప్రసిద్ధులై, ఒకనాడు కాదన్న ఉడయవరులనే స్తుతించుచు 108 పాశురములతో రామానుజ నూత్తందాదిని రచించిరి. ప్రపన్న గాయత్రియని పేరొంది, దివ్యప్రబంధముతోపాటు నేటికిని శ్రీవైష్ణవుల ఇండ్లలోను, సన్నిధులలోను అనుసంధింపబడుచున్నది ఆ ప్రబంధమే.